నడిమధ్యన సారథి

ముగ్గురు కూర్చునే కారువి నువ్వు. ఆ ముగ్గురిలో నడిపేవాడి చోటు సరిగ్గా నడిమధ్యన. స్టీరింగు కుడివైపు ఉండాలనే దేశాలకూ ఎడమవైపు ఉండాలనే దేశాలకూ నువ్వు ఒకే జవాబు చెప్పావు. కళ్లెదుట సూటిగా సాగే దారి, రెండు పక్కలా సరిసమానంగా విచ్చుకున్న లోకం, భుజాలకు కాస్త వెనగ్గా అటొకరు ఇటొకరు అయినవాళ్లు, వాళ్ల వెనక పన్నెండు సిలిండర్ల గుండె. మెక్‌లారెన్ ఎఫ్1! కల కారు ఏదని ఎవరడిగినా నా నోట వచ్చే పేరు నీదే. ఎందుకు నువ్వేనో ఇవాళ నోరారా చెప్పుకుంటాను.

మా తరం తెలుగు పిల్లల్లో చాలామందికి నువ్వు పరిచయమైంది కంప్యూటర్ తెర మీద. 1997లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ రెండో ఆటలో నువ్వున్నావు. గంటకింతని డబ్బు కట్టి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్న పిల్లాడు సైతం కాసేపు నీకు యజమాని అయ్యాడు. నిన్ను కొనగలిగినవాళ్లు ప్రపంచంలో వందమంది. నిన్ను ప్రేమించగలిగినవాళ్లకు లెక్క లేదు. కలకు దిగుమతి సుంకం ఉండదు.

నలుగురు కార్ల ప్రేమికులు ఒకచోట చేరితే ఈ మాట రాక మానదు: నీ కల కారు ఏది? పేర్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. కాసేపటికే వాదన ఇంకో మెట్టెక్కుతుంది. అది సూపర్ కారే కాదు పొమ్మంటాడొకడు. వేగం ఉంటే చాలంటాడు ఇంకొకడు. ఇంజిను నడుమ లేకపోతే లెక్కలోకే రాదంటాడు మరొకడు. ధర, అరుదు, అందం, చప్పుడు, ఎవరి కొలబద్ద వారిది. ఈ వాదనంటే నాకు ప్రాణం. ప్రతి కొలబద్ద తరఫునా ఒక గొప్ప కారు నిలబడి సాక్ష్యం చెబుతుంది గనక. ఆ సాక్షులందరికీ మొక్కి, ఆ తర్వాతే నా తీర్పు చెబుతాను.

తొలి మొక్కు మియూరాకి.

1965 నవంబరులో, టురిన్ మోటార్ షోలో, లంబోర్గిని సంస్థ ఒంటి మీద రేకు లేని ఓ చట్రాన్ని తెచ్చి నిలబెట్టింది. ఫెరూచియో లంబోర్గిని ట్రాక్టర్లు చేసి పైకొచ్చిన మనిషి. దూరాలు హాయిగా పోగల హుందా కార్లే ఆయన కోరిక. ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్ల కోరిక వేరు. జాంపావ్లో డల్లారా, పావ్లో స్టాంజాని, న్యూజీలాండ్ నుంచి వచ్చిన టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్, ముగ్గురూ ముప్పై దాటనివాళ్లు. పందెపు కార్లలోలాగా ఇంజిను డ్రైవరు వీపు వెనక ఉండాలని, అదీ అడ్డంగా ఉండాలని వాళ్ల పట్టు. మరుసటి ఏడు మార్చిలో జెనీవా చేరేసరికి ఆ చట్రానికి బెర్టోనే సంస్థలోని 27 ఏళ్ల మార్సెల్లో గండీని ఒళ్లు తొడిగాడు. వెల్లకిలా పడుకున్న దీపాలు, వాటి చుట్టూ నల్లటి కనురెప్పలు, నేలకు ఆనినట్టు సాగిన నడుము. 3.9 లీటర్ల వి12, 350 హార్స్ పవర్. ఇంతటి అందం, ఇంతటి శక్తి ఒకే ఒంటిలో ఇమిడి మామూలు రోడ్డు మీదికి రావడం చూసి జనం నివ్వెరపోయారు.

ఇంజిను నడుమ ఉంటే ఏమిటి గొప్ప? కావడి మోసినవాడిని అడగాలి. రెండు కొసలా బరువు వేలాడుతుంటే మనిషి చటుక్కున తిరగలేడు, తిరిగాక చటుక్కున ఆగలేడు. అదే బరువు ఒంటికి అదుముకుని ఎత్తుకుంటే ఎటు కావాలంటే అటు మళ్లుతాడు. కారులో అన్నిటికన్నా బరువైన వస్తువుల్లో ఇంజిను ఒకటి. దాన్ని రెండు ఇరుసుల మధ్యకు తెస్తే కారు మలుపుతో పేచీ పెట్టుకోదు, మలుపుతో కలిసి తిరుగుతుంది. నడిమి ఇంజినే సూపర్ కారుకు గుర్తు అనేవాళ్ల మాట వెనక ఇంత బలముంది. ఆ బలాన్ని రోడ్డు కార్ల లోకానికి చాటిచెప్పింది మియూరా.

రెండో మొక్కు కౌంటాచ్‌కి.

అదే గండీని 1971లో జెనీవాకి మరో బొమ్మ తెచ్చాడు. మియూరా వంపులన్నీ మాయం, ఇప్పుడు అన్నీ కత్తి గీతలే. తలుపులు పక్కకు తెరుచుకోవు, ఆకాశం వైపు లేస్తాయి. 1974 నుంచి 1990 దాకా ఆ కారు తయారైంది. వెనక ఏముందో అద్దంలో సరిగా కనబడక, తలుపు పైకెత్తి, అంచు మీద కూర్చుని, మెడ వెనక్కి తిప్పి రివర్సు చేసేవాళ్లు. ఆ ఇబ్బందిని సైతం ఠీవిగా మోసిన కారది. ఒక తరం పిల్లల పడకగది గోడలన్నీ దానివే. చూడగానే ఊపిరి ఆగాలి, అదే సూపర్ కారు అనేవాళ్లకు ఇంతకు మించిన సాక్షి దొరకదు.

ఆ తర్వాత ఏడాది తేడాతో వచ్చిన రెండు కార్లు ఈ వాదనను రెండుగా చీల్చాయి. ఆ చీలిక ఇప్పటికీ అతకలేదు. 1986లో పోర్షా 959: నాలుగు చక్రాలకూ శక్తి, ఏ ఇరుసుకు ఎంత పంపాలో లెక్కగట్టే కంప్యూటరు, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు. అదే ఏడు ప్యారిస్-డకార్ ఎడారి పందేన్ని కూడా గెలిచింది. 1987లో ఫెరారీ ఎఫ్40: సంస్థకు నలభై ఏళ్లు నిండిన సందర్భంగా, ఎంజో ఫెరారీ కన్నుమూయడానికి ఏడాది ముందు, ఆయన ఆమోదంతో వెలువడిన చివరి కారు. నేల మీద తివాచీ లేదు. పాటల పెట్టె లేదు. లోపలి నుంచి తలుపు తీయడానికి పిడి బదులు ఓ తాడు. రంగు ఎంత పల్చగా పూశారంటే దాని కింద కార్బన్ నేత కనబడుతుంది. 2.9 లీటర్ల చిన్న ఇంజినుకు రెండు టర్బోలు తగిలించి 478 హార్స్ పవర్ పిండారు.

ఒకటి తెలివినంతా చేర్చుకుంది. ఒకటి సుఖాన్నంతా తీసిపారేసింది. రెండూ సూపర్ కార్లేనని నేనంటాను. ఎదురెదురు దారుల్లో నడిచిన రెంటికీ ఒకే పేరెలా ఇస్తావంటే, రెండూ తాము పట్టిన ఆలోచనను సగంలో వదిలెయ్యలేదు. రేపటి కారు ఇవాళే చెయ్యాలనుకున్న 959 ఎంత ఖర్చయినా వెనుదిరగలేదు. పందెపు కారు రోడ్డు మీద తిరగాలనుకున్న ఎఫ్40 ఎవరి నడుము నొచ్చినా మెత్తబడలేదు. నా కొలబద్ద నాకు ఇక్కడే దొరికింది. సూపర్ కారంటే ఒక ఆలోచన చివరి బోల్టు దాకా పలికిన కారు. ఆ ఆలోచనకు అడ్డమొచ్చిన ప్రతిదాన్నీ, ఎంత సుఖమైనదైనా, ఎంత లాభమైనదైనా, వదులుకోగలిగిన కారు.

ఆ కొలబద్ద చేతబట్టుకుని మళ్లీ నీ దగ్గరికి వస్తున్నాను.

నీ కథ ఒక ఓటమి రోజున మొదలైంది. 1988లో మెక్‌లారెన్ జట్టు ఫార్ములా వన్‌లో 16 పందేలకు 15 గెలిచింది. చేజారిన ఆ ఒక్కటీ ఇటలీలోని మోంజాలో, ఎంజో ఫెరారీ పోయిన నెల తిరక్కుండానే. ఆ రోజు గెలుపు ఫెరారీ కార్లది. పందెం ముగిశాక మిలాన్ లినాటే విమానాశ్రయంలో విమానం ఆలస్యమైంది. ఎదురుచూస్తూ కూర్చున్న జట్టు పెద్దలు నలుగురు, రాన్ డెన్నిస్, మన్సూర్ ఓజె, క్రైటన్ బ్రౌన్, గోర్డన్ మర్రే, తర్వాత ఏం చెయ్యాలని మాట్లాడుకున్నారు. ప్రపంచంలో అన్నిటికన్నా మంచి రోడ్డు కారు చేద్దామన్నది ఆ మాటల్లో తేలిన సంకల్పం.

గోర్డన్ మర్రే 1946లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే తన పందెపు కారు తానే కట్టుకుని నడిపాడు. 1969లో ఇంగ్లండ్ చేరాడు. 1978లో బ్రాబమ్ జట్టు కోసం ఆయన గీసిన కారుకు వెనక ఒక పెద్ద ఫ్యాను ఉండేది. కింది గాలిని పీల్చేసి కారును నేలకు అతికించే ఫ్యాను. స్వీడన్‌లో బరిలోకి దిగిన ఒక్క పందెమూ గెలిచి, గొడవలు రేగడంతో ఆ కారు మళ్లీ కనబడలేదు. అలాంటి బుర్ర ఏళ్ల తరబడి మోస్తున్న కలవి నువ్వు.

హార్స్ పవర్ ఎంత అన్నది ఆయన తొలి ప్రశ్న కాదు. బరువెంత? అదే మొదటి ప్రశ్న, నడిమి ప్రశ్న, ఆఖరి ప్రశ్న. బరువు తగ్గితే బ్రేకుకు పని తగ్గుతుంది, టైరుకు పని తగ్గుతుంది, మలుపులో స్ప్రింగుకు పని తగ్గుతుంది. కొత్తగా చేర్చిన హార్స్ పవర్ ఎక్కువగా పనికొచ్చేది ముందుకు దూకేటప్పుడే. తీసేసిన కిలో దూకేటప్పుడు, ఆగేటప్పుడు, తిరిగేటప్పుడు, అన్ని వేళలా మేలు చేస్తుంది. 1,000 కిలోల కారు చెయ్యాలని ఆయన కోరిక. చివరికి నువ్వు 1,138 కిలోలు తూగావు. ఆ బరువు సాధించడానికి నీ ఒంటిని కార్బన్ ఫైబర్‌తో కట్టారు. అమ్మకానికి తయారైన రోడ్డు కార్లలో ఆ వస్తువుతోనే చట్రమంతా చేసుకున్న మొదటిదానివి నువ్వే. నీ రూపురేఖలు దిద్దింది పీటర్ స్టీవెన్స్.

ఇక్కడ హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌కి కూడా ఒక మొక్కు. 1990లో వచ్చిన ఆ జపాన్ కారును సూపర్ కార్ల పంక్తిలో కూర్చోబెట్టనివ్వని వాళ్లున్నారు. ఆరు సిలిండర్లేనంటారు, మరీ సులువుగా నడుస్తుందంటారు. దాని అల్యూమినియం ఒంటిని సుజుకా ట్రాకు మీద ఫార్ములా వన్ డ్రైవరు అయర్టన్ సెన్నా పరీక్షించి, ఇంకా గట్టిపడాలన్నాడు. హోండా ఇంజినీర్లు విన్నారు, గట్టిపరిచారు. మర్రే ఆ కారును నడిపి, ఏళ్ల పాటు దాచుకుని, దాని నడకనే నీకు ప్రమాణంగా పెట్టుకున్నాడు. ప్రతి ఉదయం సణగకుండా మేలుకునే, నడిపేవాణ్ణి బెదిరించని సూపర్ కారు చెయ్యాలన్నది హోండా ఆలోచన. ఆ ఆలోచనను అది చివరి బోల్టు దాకా పలికింది. నా పంక్తిలో దానికి ముందు వరుసలోనే పీట వేస్తాను.

నీ గుండె కోసం మర్రే మొదట హోండానే అడిగాడు, వాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు ఆదుకున్నది పాత స్నేహం. బ్రాబమ్ రోజుల్లో తనతో పనిచేసిన బీఎండబ్ల్యూ ఇంజినీరు పాల్ రోషే ముందుకొచ్చి నీ కోసమే ఒక వి12 కట్టాడు. 6.1 లీటర్లు, 627 హార్స్ పవర్. టర్బో లేదు. టర్బో ఉంటే అంకె పెరిగేదే. కానీ కాలు తొక్కడానికీ ఇంజిను కదలడానికీ మధ్య ఒక రెప్పపాటు ఎడం వచ్చేది. ఆ రెప్పపాటును మర్రే ఒప్పుకోలేదు. నీ ఇంజిను ఊపిరి తన ఊపిరే, అరువు గాలి కాదు. పాదం కదిలిన క్షణానే వీపు వెనక అది పలుకుతుంది. తల పైన గాలి పీల్చే గొట్టం నుంచి దిగే ఆ నాదం, ఇంజిను చుట్లు పెరుగుతున్నకొద్దీ గొంతు విప్పుకుంటూ నిమిషానికి 7,500 దాకా పాడుతూ పోతుంది.

ఆ గుండె వేడి తట్టుకోవడానికి ఇంజిను గదికి లోపల బంగారు రేకు తొడిగారు. వేడిని తిప్పికొట్టడంలో బంగారానికి సాటి వచ్చేవి తక్కువ, అందుకని. దాదాపు 16 గ్రాములు. మన ఇళ్లలో బంగారమంటే మెడలో మెరిసేది, బీరువాలో దాక్కునేది. నీలో బంగారం కూలికి కుదిరింది. మూత ఎత్తితే తప్ప కనబడని చోట, మసిలో, మంటలో, రోజంతా పని చేస్తుంది. ఇంతటి బంగారపు పనితనం నేనెక్కడా వినలేదు.

ఇక నువ్వు వద్దనుకున్నవాటిని పాడుకుంటాను. స్టీరింగును తేలికపరిచే మోటారు వద్దన్నావు, రోడ్డు చెప్పేది చేతులకు నేరుగా చేరాలని. బ్రేకు పెడలుకు సాయం వద్దన్నావు, కాలి బలమూ బ్రేకు బలమూ ఒకదాన్నొకటి ఎరగాలని. ఏబీఎస్ వద్దన్నావు. చక్రాలు జారకుండా కాపలా కాసే కంప్యూటరు వద్దన్నావు. పాటలు వినడానికి కెన్‌వుడ్ వారు ప్రత్యేకంగా బరువు తగ్గించి చేసిన సీడీ ప్లేయరు పెట్టుకుని, రేడియో మాత్రం వద్దన్నావు. నీ మరమ్మతుకు ఇచ్చే పనిముట్లు కూడా ఇనుపవి వద్దని టైటానియంతో చేయించుకున్నావు. పానా బరువు దగ్గర కూడా నీ మాట నీదే! ఒక ఆలోచన చివరి బోల్టు దాకా పలకడమంటే అచ్చంగా ఇదే. బోల్టు సరే, బోల్టు తిప్పే పానా కూడా ఆ మాటే పలికింది.

ఇన్ని వద్దన్నదానివి, మనిషికి కావలసినవి వదులుకోలేదు. ముగ్గురికి చోటుంది. రెండు పక్కలా సామాను పెట్టుకునే అరలున్నాయి. చల్లగాలి ఉంది. దూర ప్రయాణం చేయగల ఓపిక ఉంది. ఎఫ్40లా ఒళ్లు నొప్పించకుండా ఎఫ్40ని మించి పరిగెత్తావు. వదులుకోవడమంటే పేదరికం కాదని, ఏది ఉంచుకోవాలో తెలిసిన ఐశ్వర్యమని నిన్ను చూసి నేర్చుకోవచ్చు.

నిన్ను పందేలకు పంపాలన్న ఆలోచన మర్రేకి లేదు. నువ్వు రోడ్డు కోసం పుట్టినదానివి. నిన్ను కొన్నవాళ్లే పట్టుబట్టి బరిలోకి దించారు. 1995 జూన్, ఫ్రాన్స్‌లోని లె మాన్స్, 24 గంటల పందెం. పోటీలో ఉన్నవాటిలో పందెం కోసమే పుట్టిన కార్లున్నాయి. నిబంధనల కోసం నీ ఇంజిను గొంతు కాస్త నొక్కారు కూడా, రోడ్డు మీది నీ శక్తి కన్నా అక్కడి శక్తి తక్కువ. ఆ రోజూ ఆ రాత్రీ చాలాభాగం వానే. నల్లరంగు 59వ నంబరు కారులో ఫిన్లాండ్‌కి చెందిన జేజే లెహ్టో, ఫ్రాన్స్‌కి చెందిన యానిక్ డల్మాస్, జపాన్‌కి చెందిన మసనోరి సెకియా. నీళ్లు నిండిన ట్రాకు మీద చీకట్లో లెహ్టో నడిపిన తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు. తెల్లారి పందెం ముగిసేసరికి మొదటి స్థానం నీది. మూడు, నాలుగు, అయిదు కూడా నీవే. లె మాన్స్ గెలిచిన తొలి జపాన్ డ్రైవరుగా సెకియా పేరు నిలిచింది. తొలిసారి వెళ్లి గెలిచినదానిగా నీ పేరు నిలిచింది.

ఇక వేగం సాక్ష్యం. 1998 మార్చి 31న జర్మనీలోని ఎరా-లెసియెన్ ట్రాకు మీద, ఇంజిను చుట్ల హద్దు కాస్త పెంచి, ఆండీ వాలెస్ నిన్ను గంటకు 386.4 కిలోమీటర్ల వేగాన నడిపాడు. 2005 దాకా ఆ అంకెను మరో తయారీ కారు దాటలేదు. దాటినవాటిని నేను చిన్నబుచ్చను. ఆ ఏడాది వచ్చిన బుగాటి వేరాన్ తనదైన మహాకావ్యం. 16 సిలిండర్లు, నాలుగు టర్బోలు, 1,001 హార్స్ పవర్, ఒళ్లు చల్లార్చుకోవడానికి పది రేడియేటర్లు, 400 కిలోమీటర్ల పైచిలుకు వేగం. ఇవన్నీ ఉంటూ పట్టణంలో మెత్తగా నడవగలగాలని దాన్ని సంకల్పించిన ఫెర్డినాండ్ పియెష్ పట్టుదల. ఆ పట్టుదల కూడా చివరిదాకా పలికింది, కనుక వేరాన్ నా పంక్తిలో ఉంది. కానీ దాని బరువు 1,888 కిలోలు. అంత బరువును అంత శక్తితో జయించింది అది. జయించాల్సిన బరువే లేకుండా పుట్టావు నువ్వు. నా మనసు నీవైపు.

వేగమే కొలబద్ద అనే మిత్రులకు ఒక మాట. హైదరాబాద్ చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. 386 అన్నది ట్రాకుకు సంబంధించిన అంకె, రోడ్డు మీద దానికి చోటు లేదు, ఉండకూడదు. అయితే స్టీరింగు చెప్పే కబురు, తేలికైన ఒంటి చురుకు, కాలి కింద ఇంజిను పలికే తీరు, ఇవి అరవైలోనూ అందుతాయి. అరవైలో ఆనందం ఇవ్వలేని కారు నాలుగు వందలు పోతే ఎంత, పోకపోతే ఎంత? రికార్డు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తీసుకుపోయేదే. నడిపే రుచిని ఎవరూ తీసుకుపోలేరు.

చప్పుడు లేనిది సూపర్ కారా అన్న కొత్త వాదన కూడా ఇప్పుడుంది. క్రొయేషియాలో పుట్టిన రిమాక్ నెవెరా, పెట్రోలు చుక్క లేకుండా 1,914 హార్స్ పవర్‌తో 2022లో గంటకు 412 కిలోమీటర్లు తాకింది. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున, దేశంలోనే తొలి ఫార్ములా-ఈ పందెంలో, విద్యుత్ కార్లు సన్నటి ఈలతో మలుపులు తిరిగాయి. తెలుగు నేల మీద అంతర్జాతీయ పందెపు కార్లు పరిగెత్తడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నేనైతే విద్యుత్ కార్లను గుమ్మం దగ్గర ఆపను. బ్యాటరీ బరువు దిగివచ్చి, ఎవరో ఒక మర్రే గ్రాము గ్రామూ లెక్కగట్టి విద్యుత్ కారు కట్టిన రోజున దానికీ ఇలాగే పాట కట్టుకుంటాను. నెవెరా బరువు రెండు టన్నుల పైనే. ఆ రోజు ఇంకా రావలసి ఉంది.

ధర సంగతికి వస్తే, 2021 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో నీలాంటి కారొకటి వేలంలో రెండు కోట్ల డాలర్లు దాటింది. అది కొన్ని వందల కిలోమీటర్లకు మించి తిరగని కారు. ఆ ధర విని నేను పొంగిపోలేదు. నాకు గర్వంగా అనిపించేది నీ మరో కథ. మిస్టర్ బీన్‌గా మన పిల్లలందరికీ తెలిసిన రోవాన్ ఆట్కిన్‌సన్ దగ్గర ఒకప్పుడు ఉన్నది 41,000 మైళ్లు తిరిగింది. రెండుసార్లు దెబ్బ తిని, రెండుసార్లూ బాగుపడి, మళ్లీ రోడ్డెక్కింది. ఎండా వానా చూసింది. దాని యజమాని దాన్ని నడిపాడు. కారుకు చేయగల పూజ అదొక్కటే.

నిన్ను మించిన నిన్ను నీ సృష్టికర్తే మళ్లీ కట్టాడు. 2020లో మర్రే టి.50ని లోకానికి చూపాడు. అదే నడిమి సీటు, అదే ముగ్గురు, అదే పన్నెండు సిలిండర్లు. కాస్‌వర్త్ చేసిన 3.9 లీటర్ల ఇంజిను 12,100 చుట్ల దాకా పాడుతుంది. గేర్లు చేత్తోనే మార్చుకోవాలి. 1978లో ఒక్క పందెం ఆడి మాయమైన ఆ ఫ్యాను ఇన్నేళ్లకు దీని వెనక తిరిగి మొలిచింది. బరువు 1,000 కిలోల లోపే. 1,000 కిలోల కారు చెయ్యాలన్న పాత కోరిక తీరి, ఇంకా కాస్త మిగిలింది! ఒక మనిషి ఒకే ఆలోచనను ఇన్ని దశాబ్దాలు మోసి గమ్యం చేర్చడం నాకు ఏ రికార్డు కన్నా గొప్పగా కనిపిస్తుంది.

అయినా నా కల నువ్వే. టి.50 నీకన్నా తేలిక కావచ్చు, నీకన్నా నేర్పరి కావచ్చు. ఆ దారి తొలిసారి తొక్కింది నువ్వు. వానలో 24 గంటలు నిలిచింది నువ్వు. టర్బో అరువు లేకుండా 386 దాటింది నువ్వు. వేల మైళ్లు తిరిగి, దెబ్బలు తిని, లేచి మళ్లీ తిరిగింది నువ్వు. అన్ని రకాలూ కలిపి 106 మాత్రమే పుట్టి, అందులో 64 మాత్రమే మామూలు రోడ్డు కార్లుగా వెలువడి, ఆ కాసిన్నింటితో లోకం కలలన్నిటినీ నింపింది నువ్వు.

ఇక తీర్పు. ధర ఒక్కటే చూపే కారు నా లెక్కలో సూపర్ కారు కాదు. పెద్ద ఒంటికి పెద్ద ఇంజిను తగిలించి, పాత గొప్ప పేరు అతికించుకున్న ఎత్తు బండి కూడా కాదు, అది ఎంత ఖరీదైనా సరే. తాళం వేసి దాచుకోవడానికని కొద్దిగా చేసి అమ్మే ముద్దుబొమ్మలూ కావు. ఇంజిను ముందున్నా, నలుగురు కూర్చోగలిగినా, సామాన్య సంస్థ పేరున్నా, ఒక్క ఆలోచనకు కట్టుబడి పుడితే అది సూపర్ కారే. నిస్సాన్ జీటీ-ఆర్‌ను అందుకే నేను లోపలికి పిలుస్తాను. దాని ఇంజిన్లను ఒక్కొక్కటీ ఒక్కో నిపుణుడు మొదటి నుంచీ చివరి దాకా చేత్తో కూర్చి, దాని మీద తన పేరు పెట్టేవాడు. ఆ పేరు నిలబెట్టుకునే పనితనం చాలు నాకు.

మీరూ ఒక కారును ఎంచుకోండి. అది మియూరా కావచ్చు, ఎఫ్40 కావచ్చు, రేపు పుట్టబోయే మరొకటి కావచ్చు. ఎంచుకునే ముందు ఎంత వేగం, ఎంత ధర అన్న ప్రశ్నలు పక్కనపెట్టి, అది ఏ ఆలోచన కోసం పుట్టిందో, ఆ ఆలోచన కోసం ఏమేం వదులుకుందో అడగండి. మీ పిల్లలు అడిగితే వాళ్లకూ అదే చెప్పండి. ఆ జవాబు ఉన్న కారేదైనా మీ గోడకు తగినదే. నా గోడ మీద మాత్రం మెక్‌లారెన్ ఎఫ్1 ఒక్కటే ఉంటుంది.